ఎయిమ్ తప్పుతోందా? తప్పు చేతిదో, మౌస్ సెట్టింగ్‌దో తేల్చుకునే పద్ధతి

షూటింగ్ గేమ్‌లో నిన్నటిదాకా తలకి తగిలిన బుల్లెట్ ఇవాళ పక్క గోడకి తగులుతుంటే చాలామంది వెంటనే సెన్సిటివిటీ మీద, అంటే మౌస్ కదలికకి గేమ్‌లో చూపు ఎంత తిరగాలో చెప్పే సెట్టింగ్ మీద పడతారు. 0.4 ఉన్నదాన్ని 0.35 చేస్తారు, రెండు మ్యాచ్‌లు ఆడి 0.45 చేస్తారు. ఇలా చేస్తే అసలు తేడా ఎక్కడ వచ్చిందో తెలియకుండా పోతుంది, చేతికి ఇన్నాళ్లూ పడిన అలవాటు కూడా పోతుంది. సెట్టింగ్ ముట్టుకునే ముందు ఒక్కసారి కొలవండి. ఒక స్కేలు, పావుగంట సమయం చాలు.

ఉదాహరణలన్నీ కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ నుంచే ఇస్తున్నాను. మిగతా షూటింగ్ గేమ్స్‌కీ లెక్క ఇదే, మధ్యలో ఒక్క అంకె మారుతుంది.

ముందు మీ అసలు కొలత తెలుసుకోండి

మౌస్ ఒక అంగుళం కదిలితే కంప్యూటర్‌కి ఎన్ని కౌంట్లు పంపుతుందో చెప్పేది డీపీఐ. 800 డీపీఐ అంటే అంగుళానికి 800 కౌంట్లు. ఒక్కో కౌంటుకి మీ పాత్ర ఎంత కోణం తిరగాలో గేమ్ నిర్ణయిస్తుంది. కౌంటర్-స్ట్రైక్ 2లో సెన్సిటివిటీ 1 ఉంటే కౌంటుకి 0.022 డిగ్రీలు, వాలరెంట్‌లో 0.07 డిగ్రీలు. ఈ అంకెనే యా అంటారు. సెన్సిటివిటీ 2 పెడితే కోణం రెట్టింపవుతుంది, అంతే.

కాబట్టి డీపీఐ ఒక్కటే చెప్పినా, సెన్సిటివిటీ ఒక్కటే చెప్పినా ఉపయోగం లేదు. అన్ని గేమ్స్‌కీ, అన్ని మౌస్‌లకీ పనికొచ్చే కొలత ఒక్కటే: గేమ్‌లో ఒక పూర్తి చుట్టు, అంటే 360 డిగ్రీలు, తిరగడానికి మౌస్ ఎన్ని సెంటీమీటర్లు జరగాలి? దాని సూత్రం ఇది:

914.4 ÷ (యా × సెన్సిటివిటీ × డీపీఐ)

కౌంటర్-స్ట్రైక్ 2లో 800 డీపీఐ, సెన్సిటివిటీ 1 అనుకుందాం. 0.022 × 1 × 800 చేస్తే 17.6. 914.4ని దానితో భాగిస్తే దాదాపు 52 సెం.మీ.

ఇది కాగితం మీది లెక్క. మౌస్ నిజంగా అలా నడుస్తోందో లేదో స్కేలు చెబుతుంది. బాట్లు (కంప్యూటర్ ఆడించే శత్రువులు) లేని ప్రాక్టీస్ మ్యాచ్ తెరవండి. క్రాస్‌హెయిర్‌ని, అంటే స్క్రీన్ మధ్యలో ఉండే గురి గుర్తుని, ఏదైనా గుమ్మం అంచు మీద సరిగ్గా నిలపండి. స్కేలుని ప్యాడ్ పక్కన టేపుతో అంటించి, మౌస్ ఎడమ అంచు సున్నా దగ్గర పెట్టండి. మౌస్‌ని వంచకుండా నెమ్మదిగా కుడివైపు జరుపుతూ, అదే గుమ్మం అంచు మళ్లీ క్రాస్‌హెయిర్ కిందికి వచ్చేదాకా వెళ్లండి. ప్యాడ్ అయిపోతే మౌస్ ఎత్తి మళ్లీ సున్నా దగ్గర పెట్టి కొనసాగించండి, రెండు దూరాలూ కలుపుకోండి. మూడు నాలుగుసార్లు చేసి సగటు తీయండి.

లెక్కలో 52 వచ్చి స్కేలు మీద 49 వస్తే కంగారు పడొద్దు. మౌస్ మీద 800 అని రాసున్నా అది నిజానికి 850 దగ్గర నడుస్తోందని అర్థం. పెట్టె మీది డీపీఐకీ అసలు డీపీఐకీ కొన్ని శాతం తేడా ఉండటం మామూలే. స్కేలు మీద వచ్చిన అంకెనే నమ్మి ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

సమస్య: కొత్త మౌస్ కొన్నాక, లేదా గేమింగ్ కేఫ్‌లో కూర్చుంటే ఎయిమ్ అంతా తేడాగా ఉంటోంది

గేమ్‌లో సెన్సిటివిటీ మీ అకౌంట్‌తో పాటు వచ్చి ఉండొచ్చు. డీపీఐ మాత్రం మౌస్‌తోనే ఉంటుంది. ఇంట్లో 800 మీద ఆడేవారు కేఫ్‌లో 1600 మౌస్ పట్టుకుంటే 52 సెం.మీ. చుట్టు కాస్తా 26 అవుతుంది. చేయి మీదే అయినా ప్రతి గురీ లక్ష్యం దాటి పోతుంది.

వీల్ వెనక ఉండే చిన్న డీపీఐ బటన్ మీద కూడా ఓ కన్నేయండి. ఆటలో వేలు తగిలి 800 నుంచి 1600కి మారిపోవడం నేను చాలామంది దగ్గర చూశాను, వాళ్లంతా ముందు తమ ఫామ్ పోయిందనే అనుకున్నారు. మౌస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ బటన్‌కి ఒకే ఒక్క డీపీఐ ఉంచి మిగతావి తీసేస్తే ఈ బెడద ఉండదు.

తెలియని మౌస్ దొరికినప్పుడు డీపీఐ ఇలా పట్టుకోవచ్చు: విండోస్ పాయింటర్ స్పీడ్‌ని మధ్య గీత మీద, అంటే 11లో 6వ దాని మీద ఉంచండి. ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ (చేతి వేగాన్ని బట్టి పాయింటర్ దూరాన్ని మార్చే విండోస్ సెట్టింగ్) ఆపేయండి. 1920 పిక్సెల్స్ వెడల్పున్న స్క్రీన్‌లో పాయింటర్‌ని ఎడమ అంచు నుంచి కుడి అంచుకి తీసుకెళ్లండి. మౌస్ 12 సెం.మీ. జరిగితే 400 డీపీఐ, 6 సెం.మీ. అయితే 800, 3 సెం.మీ. అయితే 1600. ఆ తర్వాత డీపీఐని, సెన్సిటివిటీని గుణించి ఇంట్లో వచ్చే అంకెకే తీసుకురండి. ఈ గుణకారం ఫలితాన్నే ఈడీపీఐ అంటారు. 800 × 1 అయినా, 1600 × 0.5 అయినా 800 ఈడీపీఐయే.

ప్రొ ప్లేయర్ సెట్టింగ్ కాపీ చేసినప్పుడు వచ్చే ఇబ్బంది కూడా ఇదే. ఆయన 400 డీపీఐ మీద 2 పెట్టుకుంటే ఆయన చుట్టు 52 సెం.మీ. మీ 1600 మౌస్ మీద అదే 2 పెడితే 13 సెం.మీ. కాపీ చేయాలనుకుంటే ఈడీపీఐ చేయండి, 2ని కాదు.

సమస్య: వాలరెంట్‌లో బాగా ఆడుతున్నా, కౌంటర్-స్ట్రైక్‌కి వస్తే చేయి కుదరట్లేదు

ఈడీపీఐ ఒకే గేమ్ లోపల పనికొస్తుంది, గేమ్ మారితే పనికిరాదు. రెండింటి యా వేరు కదా. వాలరెంట్ సెన్సిటివిటీని 3.18తో గుణిస్తే కౌంటర్-స్ట్రైక్ సెన్సిటివిటీ వస్తుంది, వెనక్కి రావాలంటే భాగించాలి. కౌంటర్-స్ట్రైక్‌లో 1 అంటే వాలరెంట్‌లో 0.314. ఏపెక్స్ లెజెండ్స్ యా కూడా 0.022 కాబట్టి అక్కడ మార్చే పని లేదు. ఓవర్‌వాచ్ 2లో 0.0066, అంటే కౌంటర్-స్ట్రైక్ అంకెని 3.33తో గుణించాలి.

మార్చాక కూడా కాస్త కొత్తగానే అనిపిస్తుంది. వాలరెంట్‌లో చూపు వెడల్పు 103 డిగ్రీలు, కౌంటర్-స్ట్రైక్‌లో 16:9 స్క్రీన్ మీద 106 డిగ్రీలు. అది కంటికి తెలిసే తేడా. దాని కోసం సెన్సిటివిటీని మళ్లీ కదిలించకండి.

సమస్య: ఒకే దూరం జరిపినా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ తిరుగుతోంది

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. ఇది ఉన్నంతకాలం ఎంత ప్రాక్టీస్ చేసినా చేతికి అలవాటు పడదు.

పరీక్ష సులువు. ప్యాడ్ మీద ఎడమవైపు ఒక బరువైన పుస్తకం పెట్టి మౌస్‌ని దానికి ఆనించండి. క్రాస్‌హెయిర్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. కుడివైపు మెల్లగా జరిపి, ఒక్క ఊపున వెనక్కి తెచ్చి పుస్తకానికి ఆనించండి. క్రాస్‌హెయిర్ మొదటి చోటికే వస్తే సమస్య లేనట్టే.

మొదటి చోటు దాటి ఇంకా ఎడమకి పోయిందంటే యాక్సెలరేషన్ ఉంది, అంటే వేగం పెరిగేకొద్దీ ఎక్కువ తిరుగుతోంది. విండోస్ సెట్టింగ్స్‌లో మౌస్, అడిషనల్ మౌస్ సెట్టింగ్స్, పాయింటర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ టిక్ తీసేయండి. పాయింటర్ స్పీడ్ 6వ గీత మీద ఉందో లేదో కూడా అక్కడే చూడండి. 7వ గీతకి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లు, 8కి వెళ్తే రెట్టింపు, 4కి తగ్గిస్తే సగం. రా ఇన్‌పుట్ వాడే, అంటే మౌస్ కౌంట్లని నేరుగా తీసుకునే గేమ్స్ ఈ విండోస్ సెట్టింగ్స్‌ని పట్టించుకోవు. కౌంటర్-స్ట్రైక్ 2 అలాంటిదే. పాత గేమ్స్‌లో, బ్రౌజర్‌లో ఆడే ఎయిమ్ ట్రైనర్లలో మాత్రం వీటి ప్రభావం పడొచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా తేడా పోకపోతే మౌస్ సొంత సాఫ్ట్‌వేర్‌లో యాక్సెలరేషన్ ఆన్‌లో ఉందేమో చూడండి.

మొదటి చోటికి చేరకుండా మధ్యలోనే ఆగిపోతే, లేదా క్రాస్‌హెయిర్ ఉన్నట్టుండి ఆకాశం వైపో నేల వైపో ఎగిరితే అది మౌస్ అడుగున కదలికని పసిగట్టే సెన్సర్ పని. ఆ వేగాన్ని అందుకోలేక కౌంట్లు వదిలేస్తోంది. ముందు లెన్స్ గుంటలో వెంట్రుకో దుమ్మో ఉందేమో చూసి తుడవండి, తర్వాత అద్దం బల్ల మీదో మెరిసే బల్ల మీదో కాకుండా గుడ్డ ప్యాడ్ మీద ప్రయత్నించండి. అయినా పోకపోతే మౌస్ మార్చడమే.

సమస్య: మెల్లగా జరిపితే క్రాస్‌హెయిర్ మెట్లు మెట్లుగా దూకుతోంది

డీపీఐ మరీ తక్కువ, గేమ్ సెన్సిటివిటీ మరీ ఎక్కువ. కౌంటర్-స్ట్రైక్ 2లో 1920 పిక్సెల్స్ స్క్రీన్ మధ్యలో ఒక పిక్సెల్ దాదాపు 0.08 డిగ్రీలు. సెన్సిటివిటీ 3.6 దాటితే ఒక్కో కౌంటుకి అంతకన్నా ఎక్కువ తిరుగుతుంది, అంటే మధ్యలో పిక్సెల్స్ దాటేస్తుంది. డీపీఐ రెట్టింపు చేసి సెన్సిటివిటీ సగం చేయండి, చుట్టు కొలత మారదు. మార్చాక స్కేలుతో ఒకసారి సరిచూసుకోవాలి, ఎందుకంటే రాసున్న డీపీఐకీ అసలు డీపీఐకీ ఉండే తేడా 400 దగ్గర ఒకలా, 800 దగ్గర ఇంకోలా ఉండొచ్చు. ఏది పెట్టుకోవాలని అడిగితే నేను 800 అనే చెబుతాను. 16,000, 26,000 అని పెట్టెల మీద వేసే అంకెలకి డబ్బు పెట్టనవసరం లేదు.

సమస్య: వెనక్కి తిరిగేలోపే ప్యాడ్ అయిపోతోంది

52 సెం.మీ. చుట్టు ఉంటే వెనక్కి తిరగడానికి 26 సెం.మీ. కావాలి. 22 సెం.మీ. ప్యాడ్ మీద అది కుదరదు. చోటుంటే 40, 45 సెం.మీ. ప్యాడ్ కొనండి. హాస్టల్ గదిలో, చిన్న బల్ల మీద ఆడేవారికి ఆ వీలుండదు, అప్పుడు సెన్సిటివిటీ పెంచుకోవడమే సరైన పని. ప్యాడ్ మధ్య నుంచి అంచు దాకా ఉన్న దూరంలో కనీసం 120 డిగ్రీలైనా తిరగగలిగేలా చూసుకోండి.

సమస్య: మామూలుగా బాగుంది, స్కోప్ వేస్తే చేయి తేలిపోతోంది

కౌంటర్-స్ట్రైక్ 2లో స్కోప్‌కి (తుపాకీ మీది దుర్బిణికి) వేరే సెన్సిటివిటీ గుణకం ఉంది, మామూలుగా 1 ఉంటుంది. ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ తుపాకీ మొదటి జూమ్‌లో క్రాస్‌హెయిర్ చుట్టుపక్కల కదలిక మామూలు చూపుతో సమానంగా కనిపించాలంటే అది 0.82 ఉండాలి. రెండేళ్లుగా 1 మీద బాగా కొడుతున్నవారు దీన్ని ముట్టుకోవద్దు.

సమస్య: కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా మౌస్ బరువుగా, వెనకబడినట్టు ఉంటోంది

ఇది సెన్సిటివిటీకి సంబంధించింది కాదు. పోలింగ్ రేట్ చూడండి. 125 హెర్ట్జ్ అంటే మౌస్ 8 మిల్లీసెకన్లకి ఒకసారి కబురు పంపుతుంది, 1000 హెర్ట్జ్ అంటే ప్రతి మిల్లీసెకనుకీ. 1000 పెట్టుకోండి. 4000, 8000 పెడితే పాత ప్రాసెసర్ల మీద గేమే ఆగి ఆగి నడవొచ్చు. వైర్‌లెస్ మౌస్ అయితే రిసీవర్‌ని క్యాబినెట్ వెనక యూఎస్‌బీ 3.0 పోర్టులో పెట్టకండి, ఆ పోర్టుల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అడ్డు వస్తుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ని ప్యాడ్ పక్కకి తెచ్చి పెడితే చాలావరకు ఆ బరువు పోతుంది.