గుర్రంతో జత ఎలా కుదుర్చుకోవాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు గుర్రం అనగానే చాలామందికి గుర్తొచ్చేది పెళ్లి ఊరేగింపే. కానీ తోటలో ఒక గుర్రాన్ని కట్టేసుకుని, ఇష్టంగా స్వారీ నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. ఇది వాళ్ల కోసం.

జత కుదరడానికి రెండు రకాల సాధన కావాలి. ఒకటి డ్రెసాజ్: చిన్న సైగకే గుర్రం నడక మార్చేలా, వంపు తిరిగేలా, ఆగేలా బరిలో చేయించే శిక్షణ. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అనుష్, హృదయ్, దివ్యకృతి, సుదీప్తిల జట్టు మనకు స్వర్ణం తెచ్చింది ఇందులోనే. రెండోది హ్యాకింగ్: గుర్రమెక్కి దారుల వెంట, పొలాల వెంట తీరిగ్గా తిరిగి రావడం. చాలామంది ఏదో ఒకటే పట్టుకుంటారు. బరిలో నేర్పింది చెరువు కట్ట మీద పనికి రాకపోతే గుర్రానికి అది వచ్చినట్టు కాదని నా గట్టి నమ్మకం.

ముందు నేల మీద

జీను వేయకముందే కొన్ని రోజులు పక్కన నడిపించండి. గుర్రానికి సరిగ్గా ముక్కు ముందు, తోక వెనక ఏమీ కనబడదు. అందుకే భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లాలి. తాడు కొద్దిగా బిగిస్తే ఆగడం, రొమ్ము మీద చెయ్యి ఆనిస్తే వెనక్కి అడుగేయడం నేర్పండి. అది అడుగు కదిపిన క్షణంలోనే మీరు ఒత్తిడి వదిలెయ్యాలి. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి నుంచి కాదు, వదలడం నుంచి. ఆలస్యంగా వదిలితే తను చేసింది సరైనదో కాదో దానికి అర్థం కాదు.

బరిలో

చిన్న బరి కొలత 40 మీటర్లు, 20 మీటర్లు. ముగ్గుతో గీసుకున్నా చాలు. పగుళ్లిచ్చిన నల్లరేగడి మడి వద్దు. ఇసుక కలిసిన గట్టి నేల మంచిది. కాళ్లు దిగబడే మెత్తటి ఇసుకలో కాళ్ల స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) దెబ్బతింటాయి.

20 మీటర్ల వలయంలో రెండు వైపులా సమానంగా తిప్పండి. డెక్కల చప్పుడు నడకలో నాలుగు దెబ్బలుగా, ట్రాట్‌లో (చిన్న పరుగు) రెండుగా, క్యాంటర్‌లో (అంతకంటే వేగమైన పరుగు) మూడుగా వినపడుతుంది. ఆ లయ చెడకుండా ఒక నడక నుంచి ఇంకో నడకకు మార్చడమే మొదటి నెలల పని. పగ్గాలు లాగి ఆపకండి. ముందు వెన్ను నిటారుగా చేసి ఊపిరి వదలండి, ఆ తర్వాతే వేళ్లు బిగించండి. ఒక చెవి మీ వైపు తిరిగి, దవడ మెల్లగా నమిలినట్టు కదిలితే అది మీ మాట వింటోందన్నమాట. అక్కడితో ఆపి మెడ నిమరండి. అరగంట, నలభై నిమిషాలు చాలు.

తర్వాత పక్కకి జరగడం నేర్పాలి. నడకలో జీను పట్టీకి కాస్త వెనగ్గా కుడి పిక్క ఆనిస్తే గుర్రం కాళ్లు అడ్డంగా వేస్తూ ముందుకీ ఎడమకీ కలిసి జరగాలి. ఎడమ పగ్గం భుజం మరీ జారిపోకుండా చూస్తుంది. రెండు అడుగులు వేసినా వెంటనే పిక్క వదలండి. ఇది బయట ప్రాణం కాపాడే విద్య.

బయట

మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి. అనుభవమున్న నెమ్మది గుర్రం తోడుంటే మేలు. అది దొరక్కపోతే గుర్రానికి బాగా తెలిసిన మనిషి పక్కన నడవాలి. హెల్మెట్, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. జాతీయ రహదారి జోలికి పోవద్దు.

మన కోస్తాలో గుర్రానికి పెద్ద టెన్షన్ రొయ్యల గుంటల దగ్గరే. ఏరేటర్ తిరుగుతూ నీళ్లు ఎగజిమ్ముతుంటే, ఆ చప్పుడుకి తల పైకెత్తి, ముక్కు బుసలు కొట్టి ఠక్కున నిలబడిపోతుంది. కొట్టకండి. దూరం నుంచే కాసేపు చూడనివ్వండి. గుంట ఎడమ పక్కనుంటే అది కుడికి, అంటే రోడ్డు మీదకి తప్పుకోబోతుంది. తలను కొద్దిగా కుడికి వంచి, కుడి పిక్క ఆనించి పట్టుకోండి. బరిలో నేర్పిన పాఠమే. కన్ను గుంట మీద నుంచి మళ్లుతుంది, ఒళ్లు రోడ్డు వైపు రాదు. దాటగానే పగ్గాలు వదులు చేయండి. మరీ వణికిపోతుంటే దిగి, మీరే గుంట వైపు ఉండి నడిపించినా తప్పేం లేదు.

కొత్తపట్నం, మైపాడు లాంటి తీరాలకు తెల్లవారుజామున, జనం లేని రోజుల్లో వెళ్లండి. తడిసి గట్టిపడిన ఇసుక మీదే నడపాలి. కదిలే అల చూసి కొన్ని గుర్రాలు బెదురుతాయి కాబట్టి మొదట్లో నీళ్లకు దూరంగా నడిపించండి.

వేసవిలో సూర్యుడు ఎక్కేలోపే ఇంటికి చేరాలి. రోజుకి 25 నుంచి 50 లీటర్ల నీళ్లు తాగే జంతువది. చెమట పట్టే రోజుల్లో ఉప్పు కూడా అందుబాటులో ఉంచండి. నీడలో నిలబెట్టి ఒంటి మీద నీళ్లు పోసినా ముక్కుపుటాలు ఎగరేస్తూనే ఉంటే వెంటనే పశువైద్యుడికి కబురు పెట్టాలి.

వారంలో రెండు రోజులు బరి, రెండు రోజులు బయట, ఒక రోజు నేల మీద పని. మిగతా రోజులు మేత, విశ్రాంతి. తిరిగొచ్చిన ప్రతిసారీ నాలుగు డెక్కలూ ఎత్తి చూడండి. కంకర రాళ్లు, తుమ్మ ముళ్లు అక్కడే దాక్కుంటాయి. డెక్కలో ముల్లు లోతుగా దిగితే మీరు పీకకండి, డాక్టర్‌ను పిలవండి. గుర్రాలకు ధనుర్వాతం త్వరగా పట్టుకుంటుంది. ఆ టీకా ఎప్పుడు వేయించారో గుర్రపుశాల గోడ మీద రాసి పెట్టుకోండి.