ఎక్స్‌రే చిత్రణ స్వయంబోధిని – 4వ పాఠం: చెదిరిన కిరణాలు

ఎముకలోని కాల్షియం కిరణాలను ఎక్కువగా పీల్చుకోవడం వల్లనే చిత్రంలో ఎముక తెల్లగా కనిపిస్తుందని గత పాఠంలో తెలుసుకున్నాం. అయితే శరీరంలో ప్రవేశించిన ప్రతి ఫోటాన్ (కిరణంలోని శక్తి కణం) అక్కడే ఆగిపోవడమో, నేరుగా దాటిపోవడమో జరగదు. చాలా ఫోటాన్లు కణజాలంలోని ఎలక్ట్రాన్లను ఢీకొని, కొంత శక్తిని వాటికి ఇచ్చి, పక్కదారి పడతాయి. భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ 1923లో వివరించిన పరిక్షేపణం ఇదే.

ఇక్కడ చిక్కేమిటంటే, దారి మళ్లిన ఫోటాన్ పెద్దగా బలహీనపడదు. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఫోటాన్ 30 డిగ్రీలు మళ్లినా దాదాపు 59 మిగులుతుంది కనుక, అది ఎటునుంచి వచ్చిందో డిటెక్టర్ పోల్చుకోలేదు.

ఫలితాన్ని లెక్కవేసి చూద్దాం. మెత్తని కణజాలం వెనుక 100 ఫోటాన్లు, ఎముక వెనుక 60 నేరుగా చేరాయనుకుంటే తేడా 40 శాతం. రెండు చోట్లా చెదిరినవి 300 చొప్పున వచ్చి కలిస్తే అంకెలు 400, 360 అవుతాయి; తేడా 10 శాతానికి పడిపోతుంది. మందమైన ఉదరభాగాన్ని గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే జాలీ) లేకుండా తీసినప్పుడు ఇంత పరిక్షేపణం ఉండటం అరుదేమీ కాదు. డిజిటల్ పద్ధతిలో కాంట్రాస్ట్ (తెలుపు నలుపుల తేడా) పెంచుకోవచ్చు కదా అని కొందరు తేలికగా తీసుకుంటారు గానీ, ఫోటాన్ల సంఖ్యలోని సహజమైన ఒడిదుడుకులు (నాయిస్) దాని వర్గమూలమంత ఉంటాయి కనుక, 100కు 10గా ఉన్న నాయిస్ 400కు 20 అవుతుంది; చూడవలసిన తేడా మాత్రం ఆ 40 ఫోటాన్లే. కాంట్రాస్ట్ పెంచితే నాయిస్ కూడా దానితో పాటే పెరుగుతుంది.

నివారణలో మొదటి స్థానం కాలిమేషన్‌దే అని నా అభిప్రాయం: కిరణపుంజాన్ని అవసరమైన మేరకే కుదిస్తే చెదిరేవీ తగ్గుతాయి, రోగికి అందే రేడియేషనూ తగ్గుతుంది. రేడియాలజిస్టు గుస్టావ్ బకీ 1913లో రూపొందించిన గ్రిడ్‌లో సన్నని సీసపు పట్టీలు ఏటవాలుగా వచ్చే కిరణాలను అడ్డుకుంటాయి. పట్టీ ఎత్తు వాటి మధ్య ఎడానికి పది రెట్లుంటే దానిని 10:1 గ్రిడ్ అంటారు. అది చెదిరినవాటితోపాటు నేరుగా వచ్చేవాటిలోనూ కొన్నిటిని ఆపేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను (వాడే కిరణాల మోతాదును) కొన్ని రెట్లు పెంచవలసి వస్తుంది. అందుకే, చెదరడం తక్కువగా ఉండే చేయి వంటి పలుచని భాగాలకు గ్రిడ్ వాడరు.

అభ్యాసం: కాలిమేషన్ వల్ల చెదిరినవి 300 నుంచి 100కు తగ్గాయనుకుని, తేడా శాతాన్నీ నాయిస్‌నూ మళ్లీ లెక్కించండి. జవాబుతోపాటు గ్రిడ్ అమరికలో వచ్చే దోషాలను 5వ పాఠంలో చూద్దాం.