విశాఖ ఉక్కపోతలో వంటింటి చెత్తతో కంపోస్టు

20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ చాలు. అడుగున, పక్కలా పెన్సిల్ దూరేంత కన్నాలు పెట్టి, ఇటుకల మీద ఎత్తుగా ఉంచి, కింద పళ్లెం పెట్టండి. లోపల అడుగున రెండంగుళాల మందాన ఎండు కొబ్బరి పీచు పరవాలి.

కూరగాయల తొక్కలు, టీ పిప్పి నీళ్లు ఓడ్చి, చిన్న ముక్కలుగా వేయండి. గిన్నెడు తడిచెత్తకు గిన్నెన్నర పొడిసరుకు: కొబ్బరి పొట్టు, నలిపిన ఎండాకులు. ఇక్కడ గాలిలోనే తేమ ఎక్కువ, సమపాళ్లయితే ముద్ద కట్టేస్తుంది. బీచ్ పక్క సరుగుడు ఆకు ఊరికే దొరుకుతుంది గానీ చివకడానికి చాలా కాలం తీసుకుంటుంది. ప్లైవుడ్ రంపపుపొట్టు అసలు వద్దు, జిగురు ఉంటుంది.

మొదట్లో గరిటెడు పుల్లమజ్జిగలో బెల్లం ముక్క కరిగించి చల్లండి. పాత కంపోస్టు గుప్పెడు దొరికితే ఇంకా మేలు, మజ్జిగ అక్కర్లేదు. వారానికోసారి గుప్పెడు వేపపిండి వేస్తే ఈగల పురుగులు తగ్గుతాయి.

మూడు రోజులకోసారి అడుగుదాకా కలపండి. గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే లోపల గాలి ఆడక కుళ్లువాసన పట్టుకుంటుంది. కొబ్బరి పొట్టు కలిపి, మూత ఓరగా ఉంచండి. ముక్కు మండే అమ్మోనియా ఘాటైతే నత్రజని ఎక్కువైందన్నమాట, దానికి ఎండాకులే మందు. అసలు తడవకుండా పొడిగా ఉంటే చీమలు చేరతాయి, నీళ్లు చిలకరించండి.

చేపల, రొయ్యల వ్యర్థాలు ఇందులో వేయకండి. ఇంత చిన్న బకెట్ సరిగ్గా వేడెక్కదు, వాసనకు ఎలుకలు, పిల్లులు వస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో బకెట్‌ను జల్లు కొట్టని చోటికి జరపాలి.

నిండాక దాదాపు రెండు నెలలు వదిలేయండి. నల్లగా, మట్టివాసనతో పొడిపొడిగా అయితే జల్లెడ పట్టి, ఒక వంతు ఎరువుకు మూడు వంతుల మట్టి కలిపి కుండీల్లో వాడండి. జల్లెడలో మిగిలిన పీచు కొత్త బకెట్ అడుక్కి.