అక్వేరియం హీటర్: ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి

అక్వేరియం హీటర్‌లో థర్మోస్టాట్ (నీటి వేడిని బట్టి హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే భాగం) ఆన్‌లోనే ఇరుక్కుపోతే తెల్లారేసరికి నీళ్లు వేడెక్కి చేపలు చచ్చిపోతాయి. అందుకే 100 లీటర్ల తొట్టికి 100 వాట్ల హీటర్ ఒకటి కాకుండా 50 వాట్లవి రెండు, చెరో చివర పెట్టి రెండింటినీ 25 డిగ్రీలకు సెట్ చేయండి. ఒకటి ఇరుక్కుపోయినా దానికి నీళ్లను అంత త్వరగా వేడెక్కించే సత్తా ఉండదు, మీరు థర్మామీటర్ చూసి తీసేయడానికి టైమ్ దొరుకుతుంది, ఒకటి చచ్చినా రెండోది కాస్త నెట్టుకొస్తుంది. వైరు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెళ్లేలా వదిలితే దాని వెంట జారే నీటి చుక్క సాకెట్‌లోకి పోదు. నీళ్లు మార్చే 20 నిమిషాల ముందే ప్లగ్ పీకేయండి, వేడి మీదున్న గాజు గాలి తగిలితే పగులుతుంది.

20 లీటర్ల బుల్లి తొట్టికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ఇరుక్కుపోతే దానికి 50 వాట్లే ఎక్కువ. గది బాగా వేడిగా ఉన్నా అంతే. ఇంకోటి, ఇది షాక్ నుంచి కాపాడదు. దానికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై కట్ చేసే స్విచ్) ఉండాల్సిందే, అది ఉన్నా సరే ప్లగ్‌లన్నీ తీయకుండా నీళ్లలో చెయ్యి పెట్టకండి.