బేస్‌మెంట్ బాత్రూమ్ పంపు మొరాయిస్తే

మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. మొన్నామధ్య సత్యనారాయణ వ్రతానికి 40 మందిని పిలిచాం. పిల్లలంతా కింద బేస్‌మెంట్‌లో ఆడుకుంటున్నారు. భోజనాలు అవుతుండగా మా చిన్నది పరుగెత్తుకొచ్చి, "అమ్మా, షవర్‌లోంచి నల్లనీళ్లు పైకొస్తున్నాయి" అంది. గుండె గుభేలుమంది.

బేస్‌మెంట్ మురుగంతా నేల కింద ఒక గుంటలో చేరుతుంది, దాన్ని పైనున్న సీవర్‌లోకి ఎక్కించేదే మురుగు పంపు. అది ఆగిపోతే మొదట తెలిసేది సాధారణంగా షవర్ దగ్గరే. బేస్‌మెంట్‌లో బాగా కిందుండే తూము అదే కదా. అలా కనబడగానే కింద సింక్, టాయిలెట్, వాషింగ్ మెషీన్ అన్నీ ఆపించండి. చాలా ఇళ్లలో పై అంతస్తుల నీళ్లు నేరుగా వీధి సీవర్‌లోకి పోతాయి కాబట్టి పైన వాడుకోవచ్చు. కొన్ని ఇళ్లలో మాత్రం అన్నీ ఈ గుంటలోకే వస్తాయి. మీది ఏ రకమో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

నేల మీద నీళ్లు నిలిచి ఉంటే ప్లగ్ జోలికి వెళ్లొద్దు. నీళ్లలో అడుగు పెట్టకుండా ప్యానెల్ దగ్గరికి వెళ్లగలిగితేనే బ్రేకర్ ఆపండి, లేదంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. నేల పొడిగా ఉంటేనే మిగతా పని.

ముందు కరెంటు చూడండి. సాకెట్ మీద రీసెట్ బటన్ పడిపోయి ఉంటే ఒక్కసారి నొక్కండి. మళ్లీ పడిపోతే పంపులోనో వైరులోనో లోపం ఉన్నట్టు. పదేపదే నొక్కకండి.

కరెంటు బాగానే ఉంటే ఫ్లోట్ సంగతి తేల్చాలి. గుంటలో నీళ్లు పెరిగితే పైకి లేచి పంపును ఆన్ చేసే తేలుడు బుడ్డి అది. చాలా పంపులకు రెండు ప్లగ్‌లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. గోడకు తగిలి ఉన్నది ఫ్లోట్‌ది, దాని వీపున గుచ్చి ఉన్నది పంపుది. రెండూ తీసేసి, పంపు ప్లగ్ ఒక్కటే నేరుగా గోడకు పెట్టండి. పంపు తిరిగి షవర్‌లో నీళ్లు దిగిపోతే పంపు బాగున్నట్టే, పాడైంది ఫ్లోట్ లేదా ఏదో అడ్డుపడి అది ఇరుక్కుపోయింది. కానీ పక్కనే నిలబడండి. శబ్దం మారి, నీళ్లు అయిపోయినట్టు అనిపించగానే ప్లగ్ పీకేయాలి. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది.

తిరక్కుండా గుర్రుమంటూ మూలిగితే వెంటనే ఆపేయండి. లోపల చక్రానికి ఏదో చుట్టుకుని ఉండొచ్చు. తిరుగుతున్నా నీళ్లు దిగకపోతే పైపు మూసుకుపోయి ఉండొచ్చు. దిగిన నీళ్లే మళ్లీ వెనక్కి వచ్చి, పంపు నిమిషానికోసారి ఆన్ అవుతుంటే, పైపులో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ పోయినట్టు.

ఈ మూడింటికీ ప్లంబర్‌ని పిలవండి. బోల్టులు విప్పి గుంట మూత తెరవకండి, తల లోపలికి అస్సలు వంచకండి. గుంటలో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ప్రాణం తీయగలదు. ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు.

మా పంపులోంచి ప్లంబర్ తీసింది తడి వైప్స్. తాడులా పేనుకుపోయి, రెండు చేతుల పొడవుంది. ప్యాకెట్ మీద 'ఫ్లషబుల్' అనే రాసి ఉంది. దయచేసి ఆ మాట నమ్మకండి. కింద బాత్రూమ్‌లో మూత ఉన్న చెత్తబుట్ట పెట్టి, అద్దం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కాగితం అంటించండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకీ, పిల్లలకీ ఇద్దరికీ అర్థమవుతుంది.

మురుగు తగిలిన కార్పెట్, దాని కింది ప్యాడ్ ఉతికి దాచుకోవాలని చూడకండి, పారేయండి. గట్టి నేలను సబ్బునీళ్లతో కడిగాకే బ్లీచ్ నీళ్లతో తుడవండి. బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్న క్లీనర్ కలపకూడదు.

ఈ రాత్రే ఇంటి ఇన్సూరెన్స్ తీసి 'వాటర్ బ్యాకప్' కవరేజ్ ఉందో లేదో చూడండి. మామూలు పాలసీలో సాధారణంగా ఉండదు, విడిగా చేర్చుకోవాలి. మాకు లేదు. కార్పెట్ డబ్బులన్నీ మా చేతి నుంచే పోయాయి.