పడక పక్క స్కాన్ నేర్పే డాక్టర్లను తయారుచేయడం ఎలా

పడక పక్కనే చేసే అల్ట్రాసౌండ్ స్కాన్ బాగా చేసేవారంతా బాగా నేర్పలేరు. ఎదుటివారి చేయి తడబడగానే ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కాన్ పరికరం) లాక్కుని తామే చేసేస్తారు. బొమ్మ వస్తుంది, నేర్చుకునేవారికి మాత్రం చేయి తిరగదు. శ్రీకాకుళం జిల్లా ఏరియా ఆసుపత్రుల డాక్టర్లను శిక్షకులుగా తీర్చిదిద్దేటప్పుడు ముందు మాన్పించాల్సింది ఈ అలవాటే.

మెషిన్‌కి నేర్చుకునేవారు నలుగురు చాలు. గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద మెషిన్ ఏ ఆసుపత్రిలో వాడటానికి నమోదైందో అక్కడే వాడాలి. చేతిలో ఇమిడేదైనా పక్క పీహెచ్‌సీకి పట్టుకుపోకూడదు. గర్భిణులపై సాధన వద్దు.

నేర్పడానికి పేటన్ పద్ధతి. ముందు మాట్లాడకుండా మామూలు వేగంతో చేయాలి, తర్వాత ప్రతి కదలికా వివరిస్తూ నెమ్మదిగా. మూడోసారి నేర్చుకునేవారు చెబుతుంటే శిక్షకులు చేయాలి. చివరికి వాళ్లే చెబుతూ వాళ్లే చేయాలి. మూడోదాన్ని దాటేస్తుంటారు గానీ లోపం బయటపడేది అక్కడే. ‘కొంచెం పక్కకి’ అన్నారంటే ప్రోబ్‌ని జరపాలో, తిప్పాలో, వంచాలో వాళ్లకింకా తేలలేదన్నమాట. జరపడం, తిప్పడం, వంచడం, నొక్కడం: ఈ నాలుగు మాటలే వాడాలని ముందే అనుకోండి.

కుడి కిడ్నీతో మొదలుపెట్టండి. కర్విలినియర్ (ముఖం వంపుగా ఉండే) ప్రోబ్, డెప్త్ (తెర మీద కనిపించే లోతు) సుమారు 15 సెం.మీ., మార్కర్ (ప్రోబ్ పక్కనుండే గుర్తు) తలవైపు, చంక మధ్య నుంచి కిందికి దిగే గీత మీద. కిడ్నీకి అడ్డంగా నల్లని చార పడితే అది పక్కటెముక నీడ. మార్కర్ కొసను కాస్త వీపువైపు తిప్పితే ప్రోబ్ ఎముకల సందులో ఇముడుతుంది. ‘ఊపిరి గట్టిగా పీల్చి బిగబట్టు తాతా’ అంటే కిడ్నీ కిందికి దిగుతుంది. గెయిన్ (బొమ్మ వెలుగు) పెంచేస్తే మంచి కిడ్నీ కూడా తెల్లబడి జబ్బుదానిలా కనిపిస్తుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ పొరపాటు మనిషిని ఊరికే బెదరగొడుతుంది. పక్కనున్న కాలేయంతో పోల్చి, పొడవు కొలిచాకే మాట్లాడాలి. ప్రమాద కేసుల్లో కడుపులో కారిన నెత్తురు కోసం కాలేయం కింది కొసదాకా చూడాలి. అక్కడిదాకా జరపకుండానే ‘ఏమీ లేదు’ అనేస్తుంటారు.

ఊపిరితిత్తుల స్కాన్ నేర్పడానికి డయాలసిస్ యూనిట్‌ని మించిన బడి లేదు. రోగి ఒప్పుకుంటే డయాలసిస్‌కు ముందొకసారి, అయ్యాక ఒకసారి అవే చోట్ల చూపించండి. ఒంట్లో నీరు తగ్గాక బీ లైన్లు (ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కనిపించే తెల్లని నిలువు గీతలు) ఎలా తగ్గాయో కళ్లారా చూస్తారు.

శిక్షకులకు పరీక్ష ఇది: చేతులు వెనక్కి కట్టుకుని, 10 నిమిషాల్లో హౌస్ సర్జన్‌తో కిడ్నీ బొమ్మ తీయించాలి. మరొకరు పక్కనుండి, ప్రోబ్‌ని ఎన్నిసార్లు ముట్టుకున్నారో, ఒక్కసారే రెండు దిద్దుబాట్లు ఎక్కడ చెప్పారో రాసుకోవాలి. ముట్టుకుంటే ఇంకో రోజు మళ్లీ పెట్టండి.

జెల్ ఎండకముందే మెత్తని గుడ్డతో తుడిపించండి. తయారీదారు ఒప్పుకోని ప్రోబ్‌కి స్పిరిట్ రాస్తే దాని ముఖం మీది రబ్బరు పగులుతుంది.