నిక్స్‌ఓఎస్ కొత్త రిలీజ్‌కి మారేముందు: మాడ్యూల్‌లో తప్పు బిల్డ్ దగ్గరే దొరకాలి

మొత్తం సిస్టమ్‌ని కాన్ఫిగ్ ఫైళ్ల నుంచే బిల్డ్ చేసే లినక్స్ అయిన నిక్స్‌ఓఎస్‌కి ఏటా మే, నవంబర్ నెలల్లో కొత్త రిలీజ్ వస్తుంది. సొంత మాడ్యూల్స్ (ఆప్షన్లు, వాటి వల్ల ఏం జరగాలో రాసిన కాన్ఫిగ్ ఫైళ్లు) రాసుకుని సర్వర్లు నడిపేవాళ్లకి టెన్షన్ కూడా అప్పుడే. స్విచ్ (కొత్త కాన్ఫిగ్‌ని బిల్డ్ చేసి వెంటనే అమల్లో పెట్టే కమాండ్) కొట్టాక తప్పు బయటపడితే అప్పటికే సర్వీసులు పడిపోయి ఉంటాయి, అదే తప్పు బిల్డ్ మొదలవకముందే ఎర్రక్షరాల్లో కనబడితే మెషీన్‌కి ఏమీ కాదు. అందుకే ముందుగా ఒక సాయంత్రం మీ మాడ్యూల్స్‌ కోసం కేటాయించండి.

ముందు టైపులు, అంటే ఏ ఆప్షన్‌కి ఎలాంటి విలువ ఇవ్వొచ్చో చెప్పేవి, చూడండి. పోర్ట్‌కి స్ట్రింగ్ టైపు పెట్టి ఉంటే టైప్స్.పోర్ట్‌గా మార్చండి. అప్పుడు 65535 దాటినా, 8080ని కొటేషన్లలో రాసినా అక్కడే ఆపేస్తుంది.

డిఫాల్ట్‌ల సంగతి ఇంకా ముఖ్యం. నా బ్యాకప్ మాడ్యూల్‌లో గమ్యం ఫోల్డర్‌కి డిఫాల్ట్‌గా ఖాళీ స్ట్రింగ్ పెట్టాను. ఖాళీగా ఉంటే ఏమీ చేయకుండా బయటికి వచ్చేయమని స్క్రిప్ట్‌లో ఒక లైను కూడా రాశాను. కొత్త మెషీన్‌లో ఆ ఫోల్డర్ పేరు ఇవ్వడం మర్చిపోయాను. టైమర్ రోజూ నడిచింది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, ఆరు రోజుల తర్వాత ఒక ఫైల్ కావాల్సి వచ్చి వెతికితే అక్కడ బ్యాకప్ అన్నదే లేదు. తప్పనిసరి విలువకి డిఫాల్ట్ ఇవ్వకండి. ఇవ్వకపోతే, దాన్ని వాడే చోట విలువ లేదని నిక్సే గట్టిగా చెబుతుంది.

ఒక ఆప్షన్ ఇంకోదాని మీద ఆధారపడితే టైపులు సరిపోవు, అసర్షన్ (నిజం కాకపోతే బిల్డ్‌ని ఆపేసే షరతు) రాయాలి. ఉదాహరణకి టీఎల్‌ఎస్ (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్) ఆన్ చేస్తే సర్టిఫికెట్ ఫైల్ నల్ (విలువ లేనిది) కాకూడదు. మెసేజ్‌లో 'కాన్ఫిగ్ తప్పు' అని మాత్రం రాయకండి, ఏ ఆప్షన్‌లో ఏం పెట్టాలో పేరుతో సహా చెప్పండి, ఎందుకంటే అర్ధరాత్రి దాన్ని చదివేది మీరే కావచ్చు. ఒక ఆప్షన్ విలువని మాత్రం ఇవాల్యుయేట్ చేసి చూస్తే అసర్షన్లు నడవవు, మొత్తం సిస్టమ్‌ని బిల్డ్ చేస్తేనే నడుస్తాయి. పాత ఆప్షన్ పేరు మారిస్తే ఎంకే‌రీనేమ్డ్‌ఆప్షన్‌మాడ్యూల్ పెట్టండి, పాత పేరు వాడినవాళ్లకి వార్నింగ్ వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జారిపోయేది ఫ్రీఫామ్ సెట్టింగ్స్‌లో, అంటే ముందే ప్రకటించని పేర్లని కూడా ఒప్పుకునే ఆప్షన్లలో. మామూలు ఆప్షన్ పేరులో అక్షరం తప్పితే అలాంటి ఆప్షనే లేదంటుంది. కానీ సెట్టింగ్స్ లోపల రాసింది చాలా వరకు నేరుగా ఆ ప్రోగ్రామ్ కాన్ఫిగ్ ఫైల్‌లోకి వెళ్లిపోతుంది, అక్షరదోషంతో సహా. ఆ ప్రోగ్రామ్‌కి తన కాన్ఫిగ్‌ని తనిఖీ చేసే కమాండ్ ఉంటే దాన్ని బిల్డ్‌లోనే నడిపించండి. షెల్ స్క్రిప్టులకైతే రైట్‌షెల్‌అప్లికేషన్ వాడండి, బిల్డ్ అప్పుడే స్క్రిప్టులో తప్పులు వెతికే షెల్‌చెక్ నడుస్తుంది.

పాస్‌వర్డ్ ఫైళ్లని కొటేషన్లు లేని పాత్‌గా రాసి స్ట్రింగ్‌లో కలిపితే ఆ ఫైల్ బిల్డ్ అయినవన్నీ ఉండే నిక్స్ స్టోర్‌లోకి కాపీ అవుతుంది, అక్కడ ఆ మెషీన్‌లో ఎవరైనా చదవగలరు. వాటి చిరునామా స్ట్రింగ్‌గానే ఇవ్వండి. మొదట ఇన్‌స్టాల్ చేసిన రిలీజ్‌ని గుర్తుపెట్టే స్టేట్‌వెర్షన్‌ని మాత్రం రిలీజ్‌తో పాటు పెంచకండి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డిఫాల్ట్ వెర్షన్ లాంటివి దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక రీబిల్డ్. ముందు బిల్డ్, తర్వాత డ్రై-యాక్టివేట్ (ఏదీ మార్చకుండా ఏం మారుతుందో చూపేది) చేసి ఏ సర్వీసులు రీస్టార్ట్ అవుతాయో చదవండి. ఫ్లేక్స్ (డిపెండెన్సీల వెర్షన్లని లాక్ చేసే నిక్స్ పద్ధతి) వాడేవాళ్లు కొత్త ఫైల్‌ని గిట్‌లో యాడ్ చేయడం మర్చిపోకండి, లేకపోతే ఆ ఫైలే లేదంటుంది. దూరంగా ఉన్న సర్వర్ అయితే నేరుగా స్విచ్ వద్దు, ముందు టెస్ట్. అది కొత్త కాన్ఫిగ్‌ని అమల్లో పెడుతుంది గానీ బూట్ డిఫాల్ట్‌ని మార్చదు కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) పోయినా ప్రొవైడర్ ప్యానెల్ నుంచి రీబూట్ చేస్తే పాత జనరేషన్‌తోనే (అంతకుముందు బిల్డ్ అయిన సిస్టమ్‌తోనే) లేస్తుంది. కొత్త టెర్మినల్‌లో లాగిన్ అవుతుందో లేదో చూసేదాకా పాత సెషన్ మూయకండి. జనరేషన్ వెనక్కి వెళ్లినా డేటాబేస్‌లో మారింది వెనక్కి రాదు, కాబట్టి డేటాబేస్ డంప్ (పూర్తి కాపీ) మాత్రం టెస్ట్ కొట్టకముందే తీసి వేరే మెషీన్‌లో పెట్టుకోండి.